నూతిమూల

మామా,

ఈరోజు మీ తిథి. కాకికి అన్నం పెట్టి, మీకొక మాట చెప్పాలని కూర్చున్నాను.

మేస్త్రీగా మీరు కట్టిన భజన మందిరం గోడ చీలినప్పుడు, మేస్త్రీ సిమెంటు తక్కువ వేశాడని వీధంతా అన్నారు. ఆ మాట మోస్తూనే మీరు పోయారు. ఇప్పుడు మందిరాన్ని కూల్చేద్దామన్నారు. కూల్చేముందు కారణం చూడమని ఒక ఇంజనీరమ్మను పిలిపించారు.

గోడలోంచి ముక్క తీసి పరీక్ష చేయించి, తప్పు గోడలో లేదు, మట్టిని చూడాలంది. నూతిమూలలోనే చీలిక ఎక్కువని నేను చూపించాను.

"నూతిమూలనా ఎన్నంగమ్మా?" అని ఆ మాటకు అర్థం అరవంలో అడిగింది.

అర్థమేమీ లేదు, ఆ మూలకు పేరంతే అన్నాను.

అరుగు మీద మీ మేనత్త పకపకా నవ్వింది. "పేరంట, పేరు! నూతి అంటే బాయే కదే! మా అవ్వ ఆడ నీళ్లు చేదేదంట. బాయి బాయి అంటా మీరు నూతిని మరిచిపోతిరి."

అక్కడే తవ్వారు. పునాది కింద పూడ్చిన బావి బయటపడింది. పైన గట్టిమట్టి ఉండడంతో కట్టేనాడు ఎవరికీ తెలియలేదట. లోపలి చెత్తమట్టి వానకు కుంగి గోడ చీలింది.

"మేస్త్రీ పని బాగుంది. ఆ మూలకు మాత్రం గట్టినేల దాకా పునాది దించితే చాలు" అని ఇంజనీరమ్మ అందరి ముందూ చెప్పింది.

మందిరం నిలుస్తుంది, మామా. రేపు ఆ మూల పునాదికి మొదటి రాయి నన్నే పెట్టమన్నారు. మీ తాపీ తోమి, పసుపు రాసి ఉంచాను. సిమెంటు తక్కువ కాకుండా వేస్తాను.