లక్క పట్టిన ఇత్తడి బిళ్ళ

వరంగల్, మట్టెవాడ
మంగళవారం

బాపుకు సోమయ్య దండం పెట్టి రాస్తున్నాను. నేను ఇక్కడ బాగున్నాను. నీ దగ్గు తగ్గిందా? అమ్మ మోకాళ్ళకు నూనె రాసుకుంటోందా? అన్న, వదిన, చంటిది కులాసాగా ఉన్నారని తలుస్తాను. నువ్వు కోపంతో ఈ ఉత్తరం పక్కన పెట్టినా అన్న చదివి వినిపిస్తాడులే.

ములుగు నుండి వచ్చి నెల కావస్తోంది. ఇక్కడ ఇనుము చెక్కే లేతు మిషన్ల షాపు రేకుల కింద ఒళ్ళు ఉడికిపోతుంది. హోటల్లో పప్పు నీళ్ళలా ఉంటుంది, అయినా రెండు పూటలా తింటున్నాను. ఫికర్ చేయొద్దు. సాయంత్రం గదికి వస్తే మాట్లాడే మనిషి ఉండడు. "బంగారం పని జేసే అవుసులోళ్ళ పోరడు కుంపటి ఇడిచిపెట్టి ఇనుము చెక్కుతడా" అని నువ్వన్న మాటే చెవుల్లో మోగేది. పైగా నెల రోజులు చూసి, పని నచ్చకపోతే పంపించేస్తానని మా సేటు ఖాజామియా ముందే చెప్పాడు.

పోయిన వారం కాలేజీ వాళ్ళకు పన్నెండు ఇత్తడి బిళ్ళలు చేసే పని వచ్చింది. అప్పడమంత పలుచన. లేతుకు చక్ అని ఉక్కు దవడలుంటాయి, అవి వస్తువును పట్టి తిప్పుతాయి. ఆ పట్టుకు బిళ్ళ వంగిపోతోంది, వదులు చేస్తే జారిపోతోంది. పెద్ద మేస్త్రీలే నాలుగు పాడుచేసి చేతులెత్తేశారు. నువ్వు నగను లక్కలో నిలిపి చెక్కడం గుర్తొచ్చి, ఉండబట్టలేక నేను, "సేటూ, లక్కతోని అతికిచ్చి తిప్పుత" అన్నాను. అందరూ నవ్వారు. సేటు మాత్రం, "సరే, జర చేసి చూపియ్యి. ఖరాబైతే మీ ఊరి బస్సెక్కు" అన్నాడు.

లక్కలో ఇటుకపొడి కలిపి కరిగించి, ఒక ఇనుప పలకకు బిళ్ళను అతికించి, పలకను చక్‌లో బిగించాను. మిషను తిప్పగానే బిళ్ళ ఎగిరి పైరేకులకు తగిలింది. "ఇది ముక్కుపుడక గాదు తమ్మీ" అన్నాడొక మేస్త్రి. సిగ్గుతో చచ్చిపోయాను. అదృష్టం, బిళ్ళ వంగలేదు. తీసి చూస్తే వేలికి జిడ్డు తగిలింది. మన ఇంట్లో నగను కుంకుడు రసంతో కడగందే నువ్వు లక్క ముట్టనియ్యవు కదా. ఇక్కడ అన్నీ నూనెలోనే మునిగి ఉంటాయి, గుడ్డతో తుడిస్తే చాలనుకున్నాను.

"ఇంకొక్కపారి, సేటూ" అని బతిమాలాను. పక్కింటి అవ్వ దగ్గర కుంకుడుకాయలు అడిగి తెచ్చి, బిళ్ళను, పలకను కడిగి, ఆరబెట్టి, వెచ్చజేసి అతికించాను. పూర్తిగా చల్లారేదాకా ఎవర్నీ దగ్గరికి రానివ్వలేదు. పొరలు పొరలుగా కోశాను. కదల్లేదు బాపూ, వెంట్రుకవాసి కదల్లేదు. కాస్త వేడి తగిలించగానే గీత పడకుండా ఊడి చేతిలోకి వచ్చింది. పన్నెండూ అట్లాగే చేశాను. నవ్విన నాపచేనే పండింది.

సేటు ఒక బిళ్ళను వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసి, "ఎవల దగ్గర నేర్చుకున్నవ్‌రా?" అన్నాడు. "మా బాపు దగ్గర" అన్నాను. నన్ను ఉంచుకుంటానన్నాడు, సొంతంగా ఒక లేతు కూడా ఇచ్చాడు. "మీ బాపును పిలిపియ్యి. లక్క పాకం ఎట్ల చూడాల్నో మావోళ్ళకు గూడ చెప్తడు" అన్నాడు.

నేను మన పని వదిలేశాననే కదా నీ కోపం. వదల్లేదు బాపూ. అన్నను తోడు తీసుకొని ఆదివారం పొద్దున బస్సుకు రా. రెండు లక్క ముద్దలు పట్టుకురా, ఇక్కడి దాంట్లో మట్టి ఎక్కువ. అమ్మకు, వదినకు దండాలు చెప్పు. సోమవారం కాలేజీ వాళ్ళు బిళ్ళలు తీసుకుపోతారు. ఆలోపు నువ్వొకటి చేతిలో పట్టుకొని చూడాలి. బాగుంటే బాగుందను. తప్పుంటే అందరి ముందే తిట్టు, తలవంచుకొని పడతాను.

నీ దీవెన కోరే చిన్నకొడుకు
సోమయ్య