లాప్‌టాప్ మీద దుప్పటి

2007 మార్చి, మంగళవారం రాత్రి

నందిగామ కాలేజీలో పాఠాలు చెప్పి జగ్గయ్యపేట చేరేసరికి, ఇంట్లో నా లాప్‌టాప్ రోజూ అప్పుడే దించిన అట్లపెనంలా కాలుతోంది. పొద్దున మూత వేసి వెళ్ళినదానికి సాయంత్రం ఆ వేడి ఎక్కడిది? అత్తయ్యకు టీవీ పెట్టడమే రాదు. సిమెంటు ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ చేసి పగలంతా ఇంట్లో ఉండేది మా ఆయనే. అడిగితే "నేను ముట్టుకోలేదే" అంటారు, నా మొహం చూడకుండా. ఎవరితో చాటింగో అని వారం రోజులుగా నాకు అన్నం సయించడం లేదు.

ఈరోజు కావాలనే మధ్యాహ్నం సెలవు పెట్టి వచ్చేశాను. ఆయన గుర్రుపెట్టి నిద్రపోతున్నారు. బల్ల మీద లాప్‌టాప్‌కి పసిపిల్లకి చుట్టినట్టు దుప్పటి చుట్టి ఉంది. వంటింట్లోంచి అత్తయ్య కంగారుగా వచ్చారు.

"సిమెంటు దుమ్ము పడుద్దని నేనే కప్పుతున్నానమ్మా. నువ్వొచ్చే టైముకి తీసేస్తన్నా."

దుప్పటి విప్పితే లోపల ఫ్యాను రొద పెడుతోంది. నేను రోజూ ఛార్జరు తీయకుండా, ఆపకుండా ఉత్త మూత వేసి వెళ్తున్నానన్నమాట.

"మరి నాకు చెప్పలేదేం అత్తయ్యా?"

"చెప్దామనే అన్నా. నువ్వు కోప్పడతావని మావాడే వద్దన్నాడు."

అప్పుడు నవ్వేశాను. ఇప్పుడు నిద్ర పట్టడం లేదు. ఆయన ముట్టుకోలేదన్నది నిజమే. కానీ దుప్పటి కప్పినంత చిన్న సంగతే నాకు చెప్పడానికి ఇద్దరూ జంకితే, పెద్ద సంగతులు ఎన్ని కప్పిపెట్టారో...