బతికున్న షల్కానీ

కైరో, షుబ్రా
4 మార్చి 1961

పత్రిక సంతాప ప్రకటనల విభాగం చూసే ఉస్తాద్ మున్సిఫ్ గిర్గిస్ గారికి, సినిమా నటుడు అన్వర్ షల్కానీ సలాములు. నేనిక్కడ క్షేమం. కాదని నిన్న మీరు అచ్చేశారు.

పోయింది టాంటాలో ధాన్యం వర్తకుడైన మా పెదనాన్న కొడుకు. ప్రకటన కింద బంధువుల జాబితా వేస్తారు కదా, గొప్ప కోసం వాళ్ళు అందులో నా పేరూ ఇరికించారు. మీ అచ్చు కూర్చేవాడు జాబితాలో తనకు తెలిసిన పేరొక్కటే చూసి, దాన్ని పైకెక్కించి నన్ను చంపేశాడు. నిన్న పొద్దున్నుంచీ ఇంటినిండా జనం. మా ఆవిడ చావింటి ఆనవాయితీగా చక్కెర లేని కాఫీ కాచి పోస్తూ, "మీరు కాస్త లోపలుండండి, వచ్చినవాళ్ళు మొహమాటపడుతున్నారు" అంటోంది.

ముప్ఫై ఏళ్ళు, తొంభై సినిమాలు విలన్ పక్కన నిలబడ్డాను. పోస్టరు మీద నా పేరు ఒక్కసారీ పడలేదు. ఇప్పుడు నిర్మాత హాజీ ఇత్మాన్ హీరో తండ్రి వేషమిచ్చి, పేరు కూడా వేస్తానన్నాడు. గురువారంలోగా మీరు సవరణ వెయ్యకపోతే ఆ వేషం జకీ బుర్హాన్‌కి పోతుంది. వాడి మొహానికి తండ్రి వేషమా?

ఇట్లు,
ఇంకా ఉన్న షల్కానీ

తా.క. 'మహానటుడు' అని వేశారు. అది సవరించక్కర్లేదు.

---

7 మార్చి

దివంగత మహానటుడు షల్కానీ గారికి,

మీ మరణానికి మా ప్రగాఢ సానుభూతి. పోయారని వెయ్యడానికి ఫోను చాలు. ఉన్నారని వెయ్యాలంటే ఇద్దరు ప్రభుత్వోద్యోగుల సాక్షి సంతకాలు, వాటి మీద సర్కారు వారి గద్ద ముద్ర కావాలి.

ఆదివారం మీరేనంటూ ఒకాయన వచ్చాడు. మా ఆఫీసులో అందరూ మీ సినిమాలు చూసినవాళ్ళే. "షల్కానీ నడక ఇది కాదురా, వీడెవడో వేషగాడు" అని తేల్చేశారు. పాపం, ఏడ్చి కూడా చూపించాడు. ఏడుపు అస్సలు పండలేదు.

విధేయుడు,
మున్సిఫ్ గిర్గిస్

తా.క. మీరు పోయి మూడ్రోజులు కాలేదు, చక్కెర వేసిన కాఫీ అడిగాడు. దాంతో అనుమానం తీరిపోయింది.

---

12 మార్చి

ఉస్తాద్ మున్సిఫ్ గారికి,

తండ్రి వేషం జకీకి పోయింది, మీ దయ. సంతకాలు, ముద్ర గురువారమే పంపాను. కానీ మీ కాళ్ళు పట్టుకుంటాను, ఇప్పుడు సవరణ వెయ్యకండి.

హాజీ ఇత్మాన్ ఇప్పుడు నా జీవితం మీదే సినిమా తీస్తున్నాడు. నిన్న సినిమాహాళ్ళుండే ఇమాదుద్దీన్ వీధిలో పోస్టరు రాస్తున్నారు. 'షల్కానీ' అని, ఒక్కో అక్షరం తలుపంత. నడివీధిలో నిలబడి ఏడ్చాను. ఈసారి పండింది, దారినపోయేవాళ్ళు నీళ్ళిచ్చారు.

నా వేషం కూడా జకీయే వేస్తున్నాడు. పెట్టుడు గడ్డంతో వెళ్ళి నేనూ అడిగాను. నాలో షల్కానీ పోలికలు లేవట. శవం పక్కన డాక్టరు వేషమిచ్చారు. "మిగిలిన ఆయుష్షు మీకుండాలి" అని ఇంటివాళ్ళకు చావు కబురు చెప్పే ఒక్క మాట. నాకదే చాలు. సినిమా విడుదలయ్యేదాకా నన్ను బతికించకండి.

ఇట్లు,
మీరన్నట్టే పోయిన షల్కానీ

తా.క. శవం వేషమైనా ఇమ్మన్నాను. జకీ వదల్లేదు.

---

15 మార్చి

సినిమా నటుడు అన్వర్ షల్కానీకి,

మీ కాగితాలు సక్రమంగా ఉన్నాయి. సవరణ ఈ ఉదయం అచ్చయింది. వద్దన్న మీ ఉత్తరం ఆ తర్వాత నా బల్ల మీదికొచ్చింది. వేసిన సవరణను సవరించాలంటే మరణ ధ్రువపత్రం తేవాలి. తొందరేం లేదు.

హాజీ ఇత్మాన్ ఫోను చేశాడు. "బతికున్నవాడి కథ ఎవడు చూస్తాడయ్యా?" అని మమ్మల్నే తిట్టాడు. పోస్టరు మీద మీ పేరు చెరిపించి జకీ పేరు రాయిస్తున్నాడట.

విధేయుడు,
మున్సిఫ్ గిర్గిస్

తా.క. 'మహానటుడు' తీసేశాం. అది పోయినవాళ్ళకే వేస్తాం.