ప మీద తలకట్టు

ఫిల్మ్‌నగర్, హైదరాబాదు
8-2-1992

ప్రియమైన శ్రీవారికి,

నాగేశ్వరి నమస్కారాలు. అక్క కాలు బాగైంది. కర్ర సాయం లేకుండా వంటింట్లోకి వచ్చి, పోపు మాడ్చానని నన్ను దెప్పుతోందంటే ఇక నిక్షేపంలా ఉన్నట్టే. "మరింకేం, మద్రాసు రైలెక్కు" అంటారని తెలుసు. కాస్త ఆగండి. ఉత్తరం మొత్తం చదివాక కోప్పడుదురుగాని.

బావగారి సెట్టింగుల షెడ్డు ఇంటిని ఆనుకునే ఉంది కదా. మధ్యాహ్నాలు ఏమీ తోచక అక్కడికి వెళ్లి కూర్చునేదాన్ని. అక్కడ జాలీ కోసే మిషను ఒకటుంది. సినిమాల్లో రాజుల కోటలకి పువ్వులూ తీగలూ కోసిన చెక్క కిటికీలుంటాయి చూడండి, అవి దానిమీదే కోస్తారు. అచ్చం కుట్టుమిషనే అనుకోండి. సూది బదులు దారమంత రంపం పైకీ కిందికీ ఆడుతుంది, చెక్కని మనం తిప్పుకోవాలి. అది చూస్తుంటే నా చేతులు ఊరుకుంటాయా? పెద్ద వడ్రంగి జంగయ్యని అడిగితే నవ్వాడు గానీ కాదనలేదు.

"కూసో అమ్మా. గీ రంపం పండ్లు కిందికి ఉండాలె. లోపలి పువ్వు కొయ్యాల్నంటే ముందుగాల బెజ్జం గొట్టి, అండ్ల రంపం ఎక్కియ్యాలె. లోపలియన్నీ అయినంకనే బయటి అంచు" అన్నాడు. మొదటిరోజు రంపాలు టపటపా విరగ్గొట్టాను. "చెక్కను నూకకు. రంపం పని రంపం జేస్తది. నువ్వు మలుపు జూపెట్టు, చాలు" అంటాడు. నెట్టకుండా ఉండటం నాకెంత కష్టమో మీకు చెప్పక్కర్లేదు. నిన్న మాత్రం ఒక మామిడాకు కోశాను, ఈనెలతో సహా. అక్క దాన్ని దేవుడి గూటికి తగిలించింది. ఏవండీ, నాకింత సంతోషం ఎప్పుడూ కలగలేదు. ముఖం ముడుచుకోకండి, పెళ్లి సంగతి వేరు, ఇది వేరు.

అసలు విషయం ఇదీ. ఒక సినిమాకి రైతుల ఉత్సవం సెట్టు వేస్తున్నారు. ముఖద్వారం మీద 'పంటల పండుగ' అని జాలీ బోర్డు కావాలి. అక్షరాల వెనకనుంచి లైటు వేస్తారట, కాబట్టి వెనక చెక్క అడ్డు ఉండకూడదు. ఆ బోర్డు నన్ను కొయ్యమన్నారు బావ. ఆర్టు డైరెక్టరు పరబ్రహ్మం గారికి నచ్చితే షెడ్డులో నాకు పని ఖాయం. నచ్చకపోతే నేను మద్రాసు వచ్చేస్తాను, మాట. సినిమా టైటిళ్లకి అక్షరాలు రాసే మొగుణ్ని ఇంట్లో పెట్టుకుని ఇంకెవరి దగ్గరికో వెళ్లి గీయించుకోనా? మీరే గీసి పంపండి.

వేళకి తినండి.

ఎప్పటికీ మీ
నాగేశ్వరి


కోడంబాకం, మద్రాసు
13-2-1992

ప్రియమైన నాగూ,

ఎంత గడుసుదానివే! నువ్వక్కడ ఉండిపోవడానికి కావలసిన బోర్డు నేను గీసివ్వాలా? ఉరితాడు నన్నే పేనుకోమన్నట్టుంది. నాలుగు వారాలని వెళ్లి సంక్రాంతి దాటించావు. ఇక్కడ మెస్సులో సాంబారు తిని తిని నా ఒంట్లో రక్తం బదులు చింతపండు పులుసు పారుతోంది. పక్కింటి మామి రోజూ "మీ ఆవిడ ఎప్పుడు వరువా?" అని సగం అరవంలో అడుగుతోంది. ఏం చెప్పను, రంపం పట్టిందని చెప్పనా?

హైదరాబాదు రమ్మని నువ్వు అడక్కముందే చెబుతున్నా, నా వల్ల కాదు. ఇరవై ఏళ్లుగా నా అక్షరం ఈ ఊళ్లోనే బతికింది. ఇక్కడ నా చేతిరాత చూసి "త్రినాథరావుదిరా" అంటారు. అక్కడ నేనెవర్ని?

అయినా గీశాను. రెండు రాత్రులు కూర్చుని గీశాను. నువ్వు అడిగితే కాదనడం చేతకాని వెధవని. ట్రేసింగు పేపరు దీంతోపాటు పంపుతున్నాను. అక్షరాలు కింది పట్టీ మీద వరసగా నిలబడతాయి, పైన ఇంకో పట్టీ. నా ప చూడు, తలకట్టు ఎలా తేలుతోందో, పిట్ట ఇప్పుడే ఎగిరినట్టు. ఒక్క గీత కూడా మార్చకు.

ఆదివారం ఇల్లు ఊడ్చాను. నీ చీర ఒకటి మంచం కింద దొరికింది. ఉతక్కుండా దాచుకున్నాను, నవ్వుకో.

నీ కోసం కాచుకున్న
త్రినాథ్


ఫిల్మ్‌నగర్
2-3-1992

త్రినాథరావు గారికి,

మీరు గీసింది గీసినట్టే కోశాను. జంగయ్య చెప్పినట్టు లోపలివి ముందు, అంచు ఆఖరున. రెండు 'ప'లనూ ప్రాణం పెట్టి కోశాను. చివరి మలుపు తిరిగేసరికి రెండు తలకట్లూ టప్పున కిందపడ్డాయి! గోళ్లు కత్తిరించుకున్నట్టు రంపపు పొట్టులో పడి ఉన్నాయండీ. దేనికీ అంటుకోని ముక్క చెక్కలో ఎలా నిలుస్తుంది? కాగితం మీదైతే తేలుతుంది. చెక్క మీద రాలిపోతుంది. జంగయ్య చూసి, "గిదేందమ్మా, గాలిల ఏలాడే ముక్కను గీసిండా మీ సారు?" అన్నాడు.

మర్నాటికి బోర్డు కావాలి. ఇంకో చెక్క తీసుకుని, తలకట్టుని కాస్త కిందికి జరిపి అక్షరానికి అంటించి కోశాను. ఎంత బాగా కుదిరిందో అని మురిసిపోయాను. వారం రోజులుగా షెడ్డులో అందరి నోటా 'పంటల పండుగ' మాటే. మా కళ్లకి అది పంటల పండుగలాగే కనబడింది. బోర్డు సెట్టు మీదికెక్కింది, వెనక లైటు వెలిగింది. మేకప్పు ఆయన తలెత్తి గట్టిగా చదివాడు.

"వంటల వండుగ! భోజనాలెక్కడండీ?"

ప నెత్తిన తలకట్టు అంటిస్తే వ అవుతుందని ఒకటో తరగతి పిల్లలకి కూడా తెలుసు. నాకు తట్టలేదు. సెట్టంతా ఒకటే నవ్వు. లైట్ల వాళ్లు పప్పా, పులిహోరా అని అరిచారు. పరబ్రహ్మం గారు మాత్రం నవ్వలేదు. బావ ముఖం మాడిపోయింది. ఇంటికొచ్చాక, "చెక్క పోతే పోయింది అమ్మాయ్, నా పరువు పోయింది" అన్నారు. హీరోయిన్‌కి జ్వరమొచ్చి షూటింగు వాయిదా పడింది గనక బతికిపోయాం. మళ్లీ మొదలయ్యేలోగా సరైన బోర్డు ఇస్తే సరి, లేకపోతే మద్రాసుకి టికెట్టు తీస్తానన్నారు.

ఒక్క మాట అడుగుతాను, నిజం చెప్పండి. మీరు కావాలనే అలా గీశారా? ఇరవై ఏళ్ల చెయ్యి, ఆ ముక్క నిలబడదని తెలియదా? నేను ఓడిపోయి తిరిగొస్తాననేగా? రాత్రంతా ఏడ్చాను. చెక్క పాడైనందుకు కాదు, మీ మీద ఇలాంటి అనుమానం వచ్చినందుకు.

నాగేశ్వరి


కోడంబాకం
6-3-1992

ప్రియమైన నాగూ,

నువ్వు 'ప్రియమైన' ఎగ్గొట్టినా నేను ఎగ్గొట్టను.

నాకు తెలియదే. ఒట్టు. కాగితం మీద ఏ ముక్కా కింద పడదు. ఇన్నేళ్లలో నా అక్షరానికి బరువుంటుందని ఎవరూ నాకు చెప్పలేదు. కానీ నీ దగ్గర ఒకటి దాచలేను. టికెట్టు అన్న మాట చదవగానే నాకు సంతోషమేసింది. వచ్చేస్తోంది, వచ్చేస్తోంది అనుకుంటూ వెళ్లి కాఫీ కూడా తాగొచ్చాను. తర్వాత 'రాత్రంతా ఏడ్చాను' అన్న వాక్యం దగ్గరికొచ్చాను.

నేరుగా స్టూడియోకి వెళ్లి, అక్కడి వడ్రంగిని బతిమాలి సన్న చేతిరంపం పట్టాను. ఒక ప కోద్దామని కూర్చున్నాను. పట్టుకున్న రంపమల్లా విరిగింది. బొటనవేలు తెగింది, కంగారుపడకు, చిన్నదే. అమ్మ బాబోయ్, ఎలా కోస్తున్నావే దీన్ని! నువ్వు మామిడాకు కోశానని రాస్తే పిల్లకాయ ఆట అనుకున్నాను. నా బుద్ధికి చెప్పు దెబ్బ.

ఆ చెక్క చేతిలో పట్టుకుని చూస్తుంటే దారి తోచింది. తలకట్టుని కింద అక్షరానికి అంటిస్తే వ అవుతుంది. పైన పట్టీకి అంటిస్తే? పై పట్టీ నిండా వరికంకులు కిందికి వాలినట్టు గీశాను. అందులో రెండు కంకులు వచ్చి రెండు తలకట్లనీ పట్టుకుంటాయి. ప ప లాగే ఉంటుంది, ముక్కా రాలదు. పంటల పండుగకి కంకులు ఉండనే ఉండాలి కదా. ఎక్కడ సన్నగా ఉందో, ఎక్కడ విరుగుతుందో నీకే తెలుస్తుంది. అక్కడ గీతలు నీ ఇష్టం వచ్చినట్టు మార్చుకో.

పోస్టుని నమ్మలేక, రైల్లో వస్తున్న మన కెమెరా చలపతిరావు చేతికిచ్చి పంపుతున్నాను. ఇది నువ్వు అక్కడే ఉండిపోవాలని గీసిన బొమ్మ. గీస్తూ గీస్తూ రెండుసార్లు చింపేయబోయాను. అయినా బాగా గీశాను.

నీ
త్రినాథ్


ఫిల్మ్‌నగర్
19-3-1992

నా ప్రియమైన, బొటనవేలు తెగిన శ్రీవారికి,

వేలికి పసుపు పెట్టారా, లేక ఊరికే గుడ్డ చుట్టి వదిలేశారా? మీ సంగతి నాకు తెలియదా! మిమ్మల్ని అనుమానించినందుకు నా నోరు పడిపోను. ఆ కాఫీ సంగతి చదివి మాత్రం కడుపుబ్బా నవ్వి, ఆ తర్వాత ఏడ్చాను. అక్క నాకు పిచ్చెక్కిందనుకుంది.

బోర్డు నిలబడింది! రెండు కంకుల కాడలు మరీ సన్నగా అనిపిస్తే కాస్త లావు చేశాను, మీరు మార్చుకోమన్నారు కాబట్టి. జంగయ్య దాన్ని వెలుగులో పట్టుకుని అటూ ఇటూ ఊపి చూశాడు. "ఇగ నాకేం ఫికర్ లేదు, మిషను నీదే అమ్మా" అన్నాడు. సెట్టు మీద లైటు వెలిగించి, ఈసారి బావ ఆ మేకప్పు ఆయన్నే పిలిచి పైకి చదివించారు. పంటల పండుగ అన్నాడు, పైగా ఆకలి చచ్చిపోయిందన్నాడు. సోమవారం నుంచి నాకు షెడ్డులో పని. బావ అన్న మాట నిలబెట్టుకున్నారు.

పరబ్రహ్మం గారు బోర్డు కిందికి వచ్చి, "ఈ అక్షరం గీసిందెవరమ్మా?" అని అడిగారు. చెప్పాను. సెట్లన్నీ ఇక ఇక్కడే వేస్తారట, అక్షరం తెలిసినవాళ్లు చెక్క సంగతి ఎరగరు, చెక్క తెలిసినవాళ్లు అక్షరం ఎరగరు, మిమ్మల్ని పిలిపించమన్నారు. నేను ససేమిరా అన్నాను. మా ఆయనకి పౌరుషం ఎక్కువ, పెళ్లాం సిఫార్సు చేస్తే ఛస్తే రారు, మీరే గౌరవంగా రాసుకోండి అని మీ అడ్రసు ఇచ్చాను. వారం లోపు ఆయన ఉత్తరం మీకు అందుతుంది. 'అక్కడ నేనెవర్ని?' అని అడిగారుగా, అందులో ఉంటుంది జవాబు.

నేను మాత్రం మద్రాసు రానండీ. ఈ మాట రాయడానికి నాలుగు కాగితాలు చింపాను. మీరు లేకుండా అన్నం సయించడం లేదు, ఆ మిషను లేకుండా పొద్దు గడవడం లేదు. రెండూ ఒకే ఊళ్లో ఉండాలి. షేక్‌పేటలో రెండు గదుల వాటా చూశాను, ఉత్తరపు కిటికీలోంచి మీరు గీసుకునేంత వెలుతురు వస్తుంది. ఇంటివాళ్లతో మాట్లాడేశాను.

ఆర్టు డైరెక్టరు గారి ఉత్తరానికి మీకు తోచిన జవాబు రాయండి, అది మీ ఇష్టం. ఈ ఉత్తరానికి మాత్రం జవాబు రాయొద్దు. మీరే రండి.

మీ, అచ్చంగా మీ
నాగూ