కుంకుమ పెట్టిన క్యాసెట్

ఆదివారం, అనకాపల్లి

కళ్లు మూసుకున్నా ఆ నీలం నది పారుతూనే ఉంది.

బెల్లం కొట్టు పార్వతి పిన్ని ఇన్నాళ్లకు తన పాత టీవీ గేమ్ క్యాసెట్ నా చేతిలో పెట్టింది. నాలా పాత ఆటలు వెతికి కాపీ చేసి దాచేవాళ్లెవరి దగ్గరా ఇది లేదు. పిన్నేమో ప్రతి దసరాకీ కొట్టులో కాటాతో పాటు దీనికీ పూజ చేసి, లోపలి రాగి పిన్నుల మీదే కుంకుమ పెట్టేసింది. ఆడబోతే టీవీలో వట్టి చారలే వచ్చాయి. స్పిరిట్‌లో ముంచిన దూది తీశాను.

"బొట్టు సెరిపేత్తావేటి బాబూ!" అని నా చెయ్యి పట్టుకుంది.

"తుడవకపోతే ఆట రాదు పిన్నీ."

పిన్ని నా చెయ్యి వదిలింది. "పోన్లే, మొకం కడుక్కుని మళ్లీ బొట్టెట్టుకోమా ఏటి? ఇలాగియ్యి."

పసిపాప మొహం తుడిచినట్టు తనే తుడిచింది.

అప్పుడొచ్చింది టీవీలో నది. చిన్న పడవ, పైన చందమామ. గదంతా నీలంగా, బెల్లం వాసనతో తేలుతున్నట్టుంది. "కుడేపు రాయుంటాది, సూడు," అంటూ, రాయి కనపడకముందే పిన్ని పడవ తిప్పేసింది.

కాపీ అయ్యాక క్యాసెట్‌కి మళ్లీ బొట్టు పెట్టింది. నా మాట విని, ఈసారి పైన ప్లాస్టిక్ మీద.

ఇప్పుడు కంప్యూటర్‌లో నది ఉంది, పడవ ఉంది. రేపు ఎక్కడో ఎవరో ఆడుకుంటారు. ఇది ఇన్నేళ్లూ పూజలందుకున్న ఆట అని వాళ్లకెలా తెలుస్తుంది?

ఎర్రబడిన దూది ఇంకా నా జేబులోనే ఉంది. పారేయడానికి చెయ్యి రావడం లేదు.