నిన్ను గ్రూపులోంచి తీసేసినందుకు

మురళన్నా,

నువ్వు పోయి ఈ పొద్దుకు ఏడాది. షెడ్డులో నీ మగ్గం పక్కనే కూచుని రాస్తాండాను.

మనమంతా డబ్బులు పెట్టిన కాయిన్ గురించి, ఫోన్లో మన క్రిప్టో గ్రూపులో ఒకసారి "ఈ కాయిన్ నడిపేవోళ్లు ఎవురప్పా, యాడుంటారు?" అని అడిగినావు. అనుమానం పుట్టించేవోళ్లని మేం 'ఫడ్డు' అంటాం. నీకూ ఆ ముద్ర కొట్టి, అడ్మిన్‌ననే పొగరుతో అందరి ముందరా తీసేసినాను. మర్నాడు పనిలో "తిన్నావా అబ్బా" అన్నావు, అంతే. ఒక్క తిట్టు తిట్టకపోతివి.

ఇందాక సత్యవేడు ఆడపిల్ల ఒకామె గ్రూపులో అదే మాట అడిగింది. "ఫడ్డు, తీసేయన్నా" అని అందరూ ఎగబడినారు. ఆ కూత వాళ్లకు నేర్పింది నేనే.

తీసేయలేదన్నా. "నాకు తెలీదమ్మా" అని రాసినాను. నువ్వు అడిగినప్పుడు గూడా నాకు తెలీదు.