ఆదివారం చూసిన ఇల్లు

ఏమండీ,

తడి తువ్వాలు మంచం మీద వెయ్యొద్దన్నందుకు పొద్దున్న "నీకు వంక దొరకని ఇల్లు ఈ ఊళ్ళో ఇంకా కట్టలేదు" అన్నారు. సరే. ఆ తువ్వాలు ఇప్పుడైనా ఆరెయ్యండి.

నాచారంలో మనం ఆదివారం చూసిన పాత ఫ్లాట్‌కి ఇవాళ మళ్ళీ వెళ్ళొచ్చాను. ఆదివారం ఆ పక్కనున్న మందుల ఫ్యాక్టరీలకు సెలవని మనిద్దరికీ తట్టనే లేదు. ఇవాళ కిటికీ తెరిస్తే గుప్పున మందుల ఘాటు. మన పిల్ల సిరి ఆయాసం గుర్తొచ్చి వెంటనే కిందికి దిగాను. వాచ్‌మన్‌ని అడిగితే, "గాలి ఇటు మర్లితెనే వస్తదమ్మా, జరసేపట్ల పోతది, ఫికర్ జేయకు" అన్నాడు. ఎదురు ఫ్లాట్ ఆవిడేమో "వాసనా? ఇన్నేళ్ళలో మాకెప్పుడూ రాలేదే!" అని నవ్వింది. కాసేపటికి నాకూ రాలేదు. వాసన పోయిందో, నా ముక్కే అలవాటు పడిపోయిందో తెలియడం లేదు. గోడలకు చెమ్మ లేదు, నీళ్ళు బాగున్నాయి, ఉప్పల్ మెట్రోకి గేటు ముందే షేర్ ఆటో దొరుకుతుంది. ఎటూ తేల్చుకోలేకపోతున్నాను.

అందుకే ఓనరుగారిని తాళం అడిగి తీసుకున్నాను. రాత్రి భోజనం అక్కడే. క్యారియర్ నేను పట్టుకెళ్తున్నాను. మీరు సిరిని తీసుకురండి, దాని ఇన్‌హేలర్ మరిచిపోకండి. వాసన సంగతి దానికి ముందుగా చెప్పకండి. అది మామూలుగా తింటే ఇల్లు తీసుకుందాం. ఒక్కసారి ముక్కు చిట్లించినా వద్దు. ఏ సంగతో పెరుగన్నం దగ్గర చెప్పేస్తాను, ఆపైన వాదన లేదు.

చెంగిచెర్లలో ఇప్పుడున్న ఇంటి దాకా రోజూ ఆ ట్రాఫిక్‌లో మీరు నలిగి రావడం నాకూ కష్టంగానే ఉందండీ.